ఫోన్‌లో ‘అన్నా’ అంటున్నారు.. గొంతుకు సర్జరీ చేయించుకోవాలా?

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. వయసు 27. టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. రెండేళ్లుగా డాక్టర్ పర్యవేక్షణలో హార్మోన్లు వాడుతున్నా గొంతు మారలేదు. ఎదురుగా ‘అక్కా’ అని పిలిచేవాళ్లే ఫోన్‌లో ఆర్డర్ చెప్పేటప్పుడు ‘అన్నా’ అంటున్నారు. ఆడమ్స్ యాపిల్ తీయించుకుంటే గొంతు సన్నబడుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. ఆడమ్స్ యాపిల్‌ను చెక్కితే మెడ ముందు ఎత్తు తగ్గుతుంది, గొంతు మారదు. పైగా అవసరానికి మించి చెక్కితే స్వరతంత్రులు అతుక్కుని ఉండే చోటు దెబ్బతిని గొంతు ఇంకా బొంగురుపోవచ్చు.

యుక్తవయసులో టెస్టోస్టిరాన్ వల్ల స్వరతంత్రులు పొడవుగా, మందంగా తయారవుతాయి. ఆ తర్వాత ఈస్ట్రోజన్ ఎన్నేళ్లు వాడినా అవి మళ్లీ సన్నబడవు. మందు పనిచేయడం లేదనుకుని మోతాదు మీరే పెంచుకోకండి, రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది.

మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 100-130 సార్లు, ఆడవాళ్లవి 180-220 సార్లు కంపిస్తాయి. ఈ కంపనాల వేగాన్ని, అంటే శ్రుతిని పెంచడానికి ఎక్కువగా చేసే సర్జరీ వెండ్లర్ గ్లాటోప్లాస్టీ. మెడ మీద కోత ఉండదు. నోటి గుండా వెళ్లి, రెండు స్వరతంత్రుల ముందు భాగంలో పైపొర తీసి, వాటిని కలిపి కుట్టేస్తారు. వీణ మెట్టు మీద వేలు నొక్కితే మోగే తీగ పొట్టిదై శ్రుతి పెరిగినట్టే ఇదీ. జపాన్ వైద్యుడు ఇషికి 1974లో వివరించిన పద్ధతి బిరడ తిప్పి తీగను బిగించడం లాంటిది. అందులో మెడ మీద కోత ఉంటుంది, చాలామందిలో ఆ బిగువు కొంతకాలానికి సడలుతుంది.

అయితే తీగ మారినా వీణ కుండ మారదు. ఛాతీలో, గొంతులో, నోటిలో మాట మోగే తీరును, పలుకులోని ఎత్తుపల్లాలను సర్జరీ మార్చలేదు. అది సాధనతోనే వస్తుంది. ఫోన్‌లో వినేవాళ్లు శ్రుతితో పాటు వీటిని బట్టి కూడా ఆడా మగా అని పోల్చుకుంటారు. అందుకే ముందు కొన్ని నెలలు స్పీచ్ థెరపీ చేయించుకోమంటాను. సొంతంగా గొంతు నొక్కిపెట్టి సన్నగా మాట్లాడితే స్వరతంత్రులు అలసి బొంగురు వస్తుంది.

మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది మీ పని. గ్లాటోప్లాస్టీ తర్వాత గొంతు బిగ్గరగా పలకడం తగ్గుతుంది, కొందరికి బొంగురు ఉండిపోతుంది. స్టవ్ మోతలో, రద్దీలో కేకేయాల్సిన మీకు అది పెద్ద నష్టమే. మొదట్లో వారం పైగా పూర్తిగా మౌనంగా ఉండాలి, గొంతు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. కుట్టినదాన్ని మళ్లీ యథాస్థితికి తేవడం చాలా కష్టం. తర్వాత ఎప్పుడు ఏ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వచ్చినా, శ్వాసనాళంలోకి సన్నటి గొట్టం వాడేలా ఈ విషయం ముందే చెప్పాలి.

రోజుకు పదిసార్లు ‘అన్నా’ అనిపించుకోవడం చిన్న బాధ కాదు. థెరపీ తర్వాత కూడా అది తగ్గకపోతే సర్జరీకి నేను అడ్డు చెప్పను. ఈఎన్‌టీ డాక్టర్‌తో స్వరతంత్రుల పరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు, కొట్టు రద్దీగా ఉన్నప్పుడు మీరు ఫోన్ ఆర్డర్ తీసుకుంటున్న మాటను రికార్డు చేసి పట్టుకెళ్లండి. క్లినిక్ గదిలో మెల్లగా మాట్లాడే గొంతు విని ఏదీ నిర్ణయించకూడదు.