ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు: పత్యం కంటే ముందు తిండి

పెంపుడు జంతువుల శీర్షికకు ఈ నెల నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే జబ్బు గురించి ఉన్నాయి. వాటిలో ఆరింటిని కుదించి, జవాబులతో ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టరు గారూ, మా పిల్లికి 13 ఏళ్లు. రెండు నెలల నుంచి నీళ్లు తెగ తాగుతోంది, బక్కచిక్కింది. వేడి చేసిందనుకున్నాం. మనుషుల ల్యాబులో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 3.1, యూరియా 128 వచ్చాయి, రెండింటి పక్కనా ఎర్ర గీతలు. ఇంటర్నెట్‌లో చూస్తే యూరియా 30 దాటకూడదట. ఇక ఎన్నాళ్లు బతుకుతుంది? (నల్గొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ ఎర్ర గీతల సంగతి. ల్యాబువాళ్లు అచ్చు వేసే హద్దులు మనుషులవి. క్రియాటినిన్ (కండ నుంచి పుట్టే, కిడ్నీ వడకట్టాల్సిన మలినం) 1.2 దాటితే అక్కడ ఎరుపు పడుతుంది. పిల్లికి 1.5 వచ్చినా ఆ ఒక్క అంకె చూసి జబ్బని తేల్చరు. యూరియా దగ్గర ఇంకో తిరకాసు ఉంది. మన ల్యాబులు మొత్తం యూరియాను రాస్తాయి. మీరు ఇంటర్నెట్‌లో చూసింది యూరియాలోని నైట్రోజన్ లెక్క. మీ 128ని 2.14తో భాగించండి, దాదాపు 60 వస్తుంది. ఎక్కువే, కానీ మీరు భయపడ్డట్టు నాలుగింతలు కాదు, రెండింతలు.

పిల్లుల కిడ్నీ జబ్బును క్రియాటినిన్‌ను బట్టి నాలుగు దశలు చేస్తారు. 1.6 లోపు మొదటిది, 2.8 వరకు రెండోది, 2.9 నుంచి 5 వరకు మూడోది, 5 దాటితే నాలుగోది. మీ పిల్లి మూడో దశ గడప మీద ఉంది. అయితే ఒంట్లో నీరు తగ్గిన రోజున రక్తం తీస్తే క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది. కండ కరిగిపోయిన పిల్లిలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మీది బక్కచిక్కింది కాబట్టి రెండో మోసానికీ అవకాశం ఉంది. నీరు సరిపడా ఎక్కాక రెండు వారాలకు మళ్లీ తీయించండి. కిడ్నీ పనితీరు చూపే, కండతో పెద్దగా సంబంధం లేని ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష కూడా వీలైతే చేయించండి. దానితోపాటు ఫాస్ఫరస్, పొటాషియం, రక్తం శాతం, థైరాయిడ్ చూడాలి. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే నీళ్లు తాగి చిక్కిపోతాయి.

మూత్రపరీక్ష లేకుండా ఈ జబ్బును నిర్ధారించడం సగం పనే. మూత్రం చిక్కదనం 1.035 కంటే తక్కువుంటే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేకపోతోందని అర్థం. దప్పిక అందుకే, వేడి చేసి కాదు. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.4 దాటితే దానికి వేరే మందు ఉంటుంది. మూత్రం పట్టడానికి ఇసుక తీసేసి, ట్రేలో చేపల తొట్టి గులకరాళ్లు కడిగి ఆరబెట్టి పోయండి. పిల్లి పోశాక సిరంజితో లాగేయొచ్చు. బీపీ కొలవడానికి పసిపిల్లల సైజు కఫ్ కావాలి. మీ ఊరి ఆసుపత్రిలో లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎండాకాలమైతే తెల్లారకముందే బయల్దేరండి, బుట్ట మీద తడి గుడ్డ కప్పండి. దిగగానే కొలిస్తే భయానికే బీపీ పెరిగి కనిపిస్తుంది, పది నిమిషాలు ఊరుకోబెట్టాక కొలవమనండి.

ఎన్నాళ్లంటారా? రెండో దశలో పట్టుబడినవి రెండు మూడేళ్లు, మూడో దశలోవి ఏడాది, రెండేళ్లు బతకడం మామూలే. నాలుగో దశలో లెక్క వారాల్లోకి, నెలల్లోకి దిగుతుంది. పోయిన కిడ్నీ తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడమే వైద్యం.

ప్రశ్న: మా పిల్లికి 15 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి పాలన్నం, ఒట్టి చేపలు, ఆదివారం కార్జం. డాక్టరు కిడ్నీ ఫుడ్డు రాశారు. ఆకలైతే అదే తింటుందని మూడు రోజులుగా అది తప్ప ఏదీ పెట్టలేదు. గిన్నె దాకా వచ్చి మూతి తిప్పుకుని పోతోంది. నిన్నటి నుంచి వాంతులు. (దేవరకొండ)

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యే దాకా ఆగొద్దని మీకు ముందే ఫోనులో చెప్పాం. మిగతావారి కోసం మళ్లీ రాస్తున్నాం. పిల్లిని పస్తు పెట్టి దారికి తేలేం. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో చేరుతుంది. అప్పుడు కిడ్నీ కంటే ముందు అదే చంపుతుంది. పాత తిండి ఏదైనా సరే, మళ్లీ పెట్టండి. కిడ్నీ ఫుడ్డు తినని పిల్లి కంటే పాలన్నం తినే పిల్లి నయం.

గిన్నె దాకా వచ్చి వాసన చూసి, పెదాలు నాక్కుని పోవడం మొండితనం కాదు, వికారం. రక్తంలో మలినాలు పెరిగితే కడుపులో తిప్పుతుంది. ముందు దానికి మారోపిటంట్ లేదా ఆన్‌డాన్‌సెట్రాన్ ఇప్పించాలి. ఆకలికి మిర్టజపిన్ రాస్తారు. మనుషుల 15 మి.గ్రా. మాత్రలో ఎనిమిదో వంతు, కిడ్నీ పిల్లికి రోజు విడిచి రోజు మాత్రమే. డోసు ఎక్కువైతే రాత్రంతా అరుస్తూ తిరుగుతుంది. ఈ మందులన్నీ మీ డాక్టరు పిల్లిని తూచి చెప్పిన డోసులోనే వాడండి.

వికారం తగ్గి, పాత తిండి ఇష్టంగా తింటున్నప్పుడు మార్పు మొదలుపెట్టండి. తొమ్మిది పాళ్లు పాతది, ఒక పాలు కొత్తది. మూడు నాలుగు రోజులకోసారి ఒక పాలు పెంచండి. నెల పట్టినా ఫరవాలేదు. వికారంగా ఉన్నప్పుడు కొత్త తిండి ముందు పెడితే, ఆ వాసనకూ కడుపులో తిప్పుడుకూ పిల్లి ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత జన్మలో ముట్టదు. రాయల్ కెనిన్ రీనల్, హిల్స్ కె/డి లాంటివాటిలో పొడిదీ మెత్తదీ దొరుకుతాయి. నీటి కోసం మెత్తదే మేలు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేలా పెట్టండి, వాసన లేస్తుంది.

ఇంటి తిండిలో అసలు తంటా ఫాస్ఫరస్‌తో, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఒట్టి చేపల్లో ముళ్లూ ఉప్పూ రెండూ ఉన్నాయి, అవి ముందు మానాలి. ఆ తర్వాత కార్జం, గుడ్డు పచ్చసొన, పాలు. ఎముక లేని కోడికూర ఉడకబెట్టి నీళ్లు వంపేయండి. ఫాస్ఫరస్ కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది. చాలామంది కూర పారేసినా సూపు మాత్రం బలమని తాగిస్తారు, అది తలకిందులు పని. తినిపించడానికి ఒక చెంచా సూపు పైన చల్లితే చాలు, అదీ ఉల్లి, వెల్లుల్లి వేయనిది. ఉడికిన తెల్లసొన మంచిది. కానీ కోడికూర, అన్నం మీదే నెలలు గడపొద్దు. అందులో కాల్షియం, టారిన్ (పిల్లికి తిండిలోనే అందాల్సిన పోషకం) సరిపోవు, టారిన్ లేకపోతే గుండె, చూపు దెబ్బతింటాయి.

కిడ్నీ ఫుడ్డు ఎంతకీ తినకపోతే, లేదా తిన్నా రక్తంలో ఫాస్ఫరస్ 4.5 కంటే దిగకపోతే (మూడో దశలో 5 వరకు ఒప్పుకుంటాం) అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి రాస్తారు. ఇది రక్తంలో పనిచేసే మందు కాదు, కడుపులో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుంటుంది. అందుకే తిండిలో కలిపి పెట్టాలి. ఖాళీ కడుపున పోస్తే దండగ. మలబద్ధకం చేయొచ్చు, గమనించండి. ఇంట్లో ఉన్న గ్యాస్ మందు సీసాలో మెగ్నీషియం కూడా ఉంటుంది, అది వాడొద్దు.

ప్రశ్న: వారానికి మూడుసార్లు చర్మం కింద సెలైన్ ఎక్కించాలన్నారు. ప్రతిసారీ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే పిల్లి హడలిపోతోంది. ఇంట్లో మేమే ఎక్కించొచ్చా? (మహబూబ్‌నగర్)

జవాబు: ఎక్కించొచ్చు. మొదటి రెండుసార్లు డాక్టరు ముందు మీ చేత్తో చేయండి. మందుల దుకాణంలో ఒట్టిగా సెలైన్ అంటే చేతికి అందిన సీసా ఇస్తారు. మీకు కావలసింది రింగర్ లాక్టేట్, ఆర్.ఎల్. అని అడగండి. డి.ఎన్.ఎస్., 5 శాతం డెక్స్‌ట్రోజ్ వద్దు. చక్కెర ఉన్న నీళ్లు చర్మం కింద పడితే చీము పట్టే ప్రమాదం ఉంది. ఒక ఐ.వి. సెట్, 20 నంబరు సూదులు తెచ్చుకోండి. 22, 24 సన్నం, నీళ్లు దిగవు, పిల్లి విసుగెత్తి లేస్తుంది.

సీసాను వేడినీళ్ల బకెట్లో పది నిమిషాలు ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. చల్లగానూ ఉండకూడదు, కాలకూడదు. సగం పిల్లులు గింజుకునేది సూదికి కాదు, చల్లటి నీళ్లకు. సీసాను కిటికీ చువ్వకు, పిల్లి కంటే మూడు నాలుగడుగుల ఎత్తున వేలాడదీయండి. గొట్టంలో గాలి లేకుండా నీళ్లు వదిలి ఆపండి. సీసా మీది గీతల్లో ఎక్కడ మొదలుపెట్టారో ఒక చిన్న పట్టీ అంటించండి. 4 కిలోల పిల్లికి మామూలుగా 100 మి.లీ. రాస్తారు.

పిల్లిని గోనె మీదో తువ్వాలు మీదో కూర్చోబెట్టి ముందు ఇష్టమైనది కొంచెం పెట్టండి. రెండు భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ గుడారం అడుగున, వెన్నుకు సమాంతరంగా సూది దించండి. గొట్టం మీది చక్రం తిప్పి నీళ్లు వదలండి. ఐదు నుంచి పది నిమిషాల్లో అయిపోతుంది. వెంట్రుకలు తడుస్తుంటే సూది అవతలి వైపు బయటికి వచ్చినట్టు, తీసి కొత్త సూదితో మళ్లీ పెట్టండి. చుక్క ఆగిపోతే సూది కొన చర్మానికి ఆనింది, కొంచెం తిప్పితే చాలు. సూది తీశాక ఆ చోటిని నిమిషం పాటు వేళ్లతో ఒత్తి పట్టుకోండి.

వీపు మీద బత్తాయి అంత గడ్డ కడుతుంది. అది నెమ్మదిగా ముందుకాళ్లలోకి జారడం చూసి హడలొద్దు, మర్నాటికి ఇంకిపోతుంది. మర్నాటికీ గడ్డ అలాగే ఉంటే మళ్లీ ఎక్కించకండి, ఒళ్లు పీల్చుకోవడం లేదు. గుండెజబ్బున్న పిల్లికి ఈ నీళ్లే ఊపిరితిత్తుల్లో చేరతాయి. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 దాటితే సెలైన్ ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రతిసారీ కొత్త సూది. సీసా తెరిచిన తేదీ రాసిపెట్టండి, వారం దాటినా, మసక పట్టినా పారేయండి. వాడిన సూదులు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేసి ఆసుపత్రిలో ఇచ్చేయండి. ఒక మాట. రెండో దశలో ఉండి, బాగా తిని తాగే పిల్లికి ఇదేదీ అవసరం లేదు. సెలైన్ కిడ్నీని కడగదు, పోతున్న నీటిని పూడుస్తుంది, అంతే.

ప్రశ్న: మాది ఫ్లోరైడ్ ఊరు. పిల్లికి కిడ్నీ చెడింది బోరు నీళ్లతోనేనా? మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పోస్తే ముట్టడం లేదు. కొండపిండాకు రసం పోయమంటున్నారు, కొబ్బరినీళ్లు కూడా. (మర్రిగూడ మండలం)

జవాబు: ఫ్లోరైడ్ ఊసే లేని దేశాల్లోనూ ముసలి పిల్లులకు ఈ జబ్బు వస్తుంది, నేరమంతా బోరు మీదికి తోయలేం. అయినా బోరు నీళ్లు మాన్పించండి. ఫ్లోరైడ్ ఒంట్లోంచి పోయేది మూత్రం దారినే. కిడ్నీ మందగిస్తే అది ఇంకా ఎక్కువ లోపలే నిలుస్తుంది. కాచి పోస్తే పోతుందనుకోవద్దు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

భగీరథ నీళ్లు ముట్టనిది క్లోరిన్ వాసనకు. వెడల్పు గిన్నెలో పోసి, పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచితే వాసన పోతుంది. మీసాలు అంచులకు తగలని పళ్లెంలాంటి గిన్నె, అంచు దాకా నీళ్లు. ప్లాస్టిక్ కంటే స్టీలు మేలు. ఇంట్లో మూడు నాలుగు చోట్ల, తిండికీ ఇసుక ట్రేకీ దూరంగా పెట్టండి. అన్నిటికంటే నమ్మకమైన దారి ప్రతి పూటా తిండిలో రెండు మూడు చెంచాల గోరువెచ్చటి నీళ్లు కలపడం. ఎంత తాగుతోందో తెలియాలంటే 300 మి.లీ. పోసి మర్నాడు మిగిలింది కొలవండి. ఎండాకాలం కొంత ఆవిరవుతుంది. పిల్లికి అందని చోట అలాంటి గిన్నె ఇంకోటి పెట్టి, అందులో తరిగినంత తీసేయండి. మూత్రం ఎక్కువ పోస్తోందని రాత్రిపూట నీళ్లు మాత్రం తీసేయకండి.

కొండపిండాకును మన దగ్గర రాళ్లకు వాడతారు. మీ పిల్లిది రాయి కాదు, కిడ్నీ మచ్చలు కట్టి గట్టిపడటం. మూత్రం జారీ చేసే ఆకు, ఇప్పటికే నీరు కారిపోతున్న ఒంటికి ఎదురు పని చేస్తుంది. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఈ జబ్బులో ముందు పొటాషియం తగ్గుతుంది, అప్పుడు పిల్లి తల ఎత్తలేక వేలాడేస్తుంది. చివరి దశలో అదే పెరిగి గుండెను ఆపగలదు. రక్తపరీక్ష చూడకుండా ఏ వైపూ చేయి పెట్టొద్దు.

ప్రశ్న: ముసలి పిల్లి కాళ్లీడుస్తోంది. సగం పారాసిటమాల్ ఇవ్వొచ్చా? (వనపర్తి)

జవాబు: వద్దు. ఆ సగం మాత్ర పిల్లిని చంపడానికి చాలు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీనే దెబ్బతీస్తాయి.

ప్రశ్న: కిడ్నీ జబ్బుతో మందుల మీద ఉన్న మా పిల్లి నిన్న పొద్దున్నుంచి గోడలకు గుద్దుకుంటోంది. కనుపాపలు పెద్దవై నల్లగా నిండిపోయాయి, వెలుతురులోనూ తగ్గడం లేదు. (నాగర్‌కర్నూల్)

జవాబు: బీపీ పెరిగి కంటి వెనక పొర ఊడింది. ఈ రోజే చూపించాలి. బీపీ పై అంకె 160 దాటితే మందు మొదలుపెడతారు, 180 దాటితే మెదడుకూ ముప్పే. ఆమ్లోడిపిన్ 2.5 మి.గ్రా. మాత్రలో పావు వంతు, రోజుకోసారి ఇవ్వడం వాడుక. మాత్ర విరిచే పరికరంతో కోయండి, వేళ్లతో విరిస్తే ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ పడుతుంది. వారం తర్వాత మళ్లీ కొలిపించి డోసు సరిచేస్తారు. బీపీ దిగినా మందు ఆపొద్దు. ఒకటి రెండు రోజుల్లో మందు పడితే చూపు కొంత తిరిగి రావచ్చు, ఆలస్యమైతే రాదు. రాకపోయినా పిల్లి మీసాలతో, వాసనతో ఇల్లంతా తిరగడం నేర్చుకుంటుంది. తిండిగిన్నె, నీళ్లు, ఇసుక ట్రే ఉన్న చోటు నుంచి జరపకండి, మంచం, బీరువా కూడా. మేడమెట్లకు, బావికి అడ్డం పెట్టండి.