డబుల్ బెడ్‌రూమ్ సర్వేకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వార్డు ఆఫీసర్‌గా చేరి ఏడాది తిరక్కముందే రెండు పనులు నెత్తిన పడ్డాయని మీ అమ్మ చెప్పింది. ప్రభుత్వం పేదలకు కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో ఎవరుంటున్నారో తేల్చడం ఒకటి, ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం సాయమిచ్చే ఇందిరమ్మ ఇళ్ల దరఖాస్తులు పరిశీలించడం ఇంకోటి. హౌసింగ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)గా రిటైరయ్యే దాకా నేను చేసింది ఇదే పని. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

బిడ్డా, పగలు పదకొండింటికి కాలనీకి వెళ్తే సగం తలుపులకు తాళాలే ఉంటాయి. కూలికి పోయేవాళ్లు, ఇళ్లలో పనికి పోయేవాళ్లు ఆ టైమ్‌లో ఇంట్లో ఎందుకుంటారు? యాప్‌లో ‘ఖాళీ’ అని నొక్కడం క్షణం పని. ఆ నొక్కుతో ఒక కుటుంబానికి నోటీసు వెళ్తుంది. అందుకని సాయంత్రం ఏడు దాటాక వెళ్లు, లేదా ఆదివారం పొద్దున్నే వెళ్లు. అప్పుడూ తాళమే ఉంటే కరెంటు మీటరు చూడు. రీడింగ్ తేదీతో సహా రాసుకుని నెల తర్వాత మళ్లీ చూడు. మనుషులున్న ఇంట్లో ఫ్యానన్నా తిరుగుతుంది కదా. పక్కింటివాళ్లను అడుగు గానీ, వాళ్ల మాట ఒక్కటే పట్టుకుని రాయకు. మోటారు దగ్గరి గొడవలు, మెట్ల దగ్గరి గొడవలు అన్నీ నీ కాగితంలోకి ఎక్కుతాయి.

ఇల్లు నిజంగానే మూసి ఉందని తేలాక ఎందుకు మూసి ఉందో కనుక్కోవాలి. ఫారంలో దానికి గడి లేకపోయినా నువ్వు గీసుకో. ఈ సర్వే మొత్తంలో పనికొచ్చేది ఆ గడి ఒక్కటే అని నా నమ్మకం.

హైదరాబాద్‌లోనే చూడు. బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాతబడిన ఇళ్లు కూల్చి, అదే స్థలంలో 396 ఇళ్లు కట్టి 2015లో అక్కడివాళ్లకే ఇచ్చారు. వాళ్ల పని, పిల్లల బడి, తెలిసిన కిరాణా కొట్టు అన్నీ అక్కడే ఉన్నాయి. అదే 2023లో ప్రారంభించిన కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు. కట్టడం గొప్పగానే కట్టారు. కానీ ఇళ్ల కోసం తీసిన లాటరీ డ్రాలో పేరొచ్చిన వాళ్లలో నగరం నడిబొడ్డున బతికిన వాళ్లెందరో ఉన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కకు వచ్చి ఉంటే రోజుకూలీలో ఎంత ఛార్జీలకే పోతుందో లెక్కేసుకోక వాళ్లకు తప్పదు.

నాకు తెలిసిన ఒకామె సంగతి చెప్తా. నాలుగిళ్లలో అంట్లు తోముతుంది, ఆరింటికల్లా మొదటి ఇంట్లో ఉండాలి. కాలనీ నుంచి తొలి బస్సే ఏడింటికి. అందుకని ఊళ్లో చిన్న గది అద్దెకు తీసుకుని, శనివారం రాత్రి మాత్రం వచ్చి సొంతింట్లో పడుకునేది. రికార్డులో ఆమె ‘నివాసం లేదు’. ఆమెకు కావాల్సింది ఐదున్నరకు ఒక బస్సు. అలాంటివాళ్లు ఎందరున్నారో పేర్లతో, పనికెళ్లే చోటుతో రాసిస్తే కమిషనర్ గారు డిపో మేనేజర్‌కు లెటర్ పెట్టగలరు. ‘ఖాళీ ఇళ్లు ఇన్ని’ అని రాసిస్తే ఏం చేస్తారు? నోటీసులే ఇస్తారు.

రెండోది నీళ్లు. ఇది బాగా లోతుగా చూడు. నీళ్లు సంపులోకి వస్తాయి, మోటారు వేస్తే పైట్యాంకుకు ఎక్కుతాయి. మోటారుకు, మెట్ల లైట్లకు, లిఫ్టుకు కలిపి కామన్ మీటరు ఉంటుంది. దాని బిల్లు ఎవరిదో ఎవరూ చెప్పరు. అసోసియేషన్ ఉండదు, ఉన్నా పదిమంది కడితే ఇరవైమంది కట్టరు. బకాయి పెరిగి కనెక్షన్ కట్ చేస్తారు. మొదట పై అంతస్తువాళ్లు బిందెలు మోసి మోసి విసిగి పాత అద్దె ఇంటికి పోతారు. వాళ్లు పోయాక నెలనెలా వేసుకునే డబ్బు ఇంకా తగ్గుతుంది, తర్వాత కింది అంతస్తూ ఖాళీ అవుతుంది. ఒక్క కరెంటు బిల్లు కట్టక బ్లాకు మొత్తం పాడుబడ్డం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి ప్రతి బ్లాకులో కామన్ మీటరు బిల్లు అడుగు, రసీదు బుక్కు ఉందో లేదో చూడు, డబ్బు ఎవరి చేతిలో ఉంటోందో రాసుకో. ఆడవాళ్ల చేతిలో ఉన్న బ్లాకుల్లో లెక్క సరిగ్గా ఉండటం నేను ఎక్కువగా చూశాను.

లీకేజీలు పై ఇంట్లో కనబడవు, కింది ఇంటి బాత్రూమ్ కప్పు చూడాలి. నహానీ ట్రాప్ (బాత్రూమ్ నీళ్లు బయటికి పోయే చోటు) చుట్టూ తడి మరక, ఉబ్బిన సున్నం ఉంటే ఫొటో తీసుకో. ఆఫీసులో కాంట్రాక్టర్ అగ్రిమెంటు తీయించి డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలు కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు, ఎప్పటిదాకా ఉందో చూడు. గడువు దాటితే ఆ ఖర్చు మున్సిపాలిటీ మీదో, పాపం ఆ ఇంటివాళ్ల మీదో పడుతుంది.

అద్దెకిచ్చినవి, స్టాంపు పేపరు మీద అమ్ముకున్నవీ తగులుతాయి. అది తప్పే, ఉన్నది ఉన్నట్టు రాయి. అయితే లోపల ఉన్నవాళ్లూ పేదవాళ్లే. బెదిరించకు, ఖాళీ చేయమనకు. ఆ నిర్ణయం పైవాళ్లది.

ఇక ఇందిరమ్మ ఇళ్లు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2 అని నీకు తెలిసిందే. పట్టణంలో నిరుపేదలు ఎక్కువగా ఎల్-2లోనే ఉంటారు. వాళ్ల వంతు తర్వాత కదా అని వివరాలు పైపైన రాయకు. రేపు జాగా ఎక్కడ చూడాలన్నా, అపార్ట్‌మెంట్ కట్టాలన్నా నీ కాగితమే ఆధారం. ఎక్కడ పని చేస్తున్నారో, ఎంత అద్దె కడుతున్నారో తప్పకుండా రాయి.

ఎల్-1 వాళ్లకు ముందే చెప్పాల్సింది డబ్బు సంగతి. సాయం 5 లక్షలే గానీ చేతికి ముందుగా రాదు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబు పడ్డాక లక్షా 75 వేలు, అన్నీ పూర్తయ్యాక మిగిలిన లక్ష. అంటే ముగ్గు పోసి, గుంతలు తీసి, బేస్‌మెంట్ లేపేదాకా సొంత డబ్బే. అది లేక అందరికంటే పేదవాళ్లే మొదలుపెట్టలేరు. ‘ఆసక్తి లేదు’ అని రాసే ముందు ఇంట్లో ఎవరైనా మహిళా సంఘంలో ఉన్నారేమో అడుగు, సంఘం నుంచి అప్పు ఇప్పించవచ్చు. వడ్డీ వ్యాపారి గడప మాత్రం తొక్కనివ్వకు. ఇంకోటి, ముగ్గు పోసే రోజు నువ్వు అక్కడ ఉండాలి. ఇల్లు 600 చదరపు అడుగులు దాటితే సాయం బిల్లు ఆగుతుంది. మేస్త్రీలు ‘ఇంకో గది వేసుకోండి’ అని ఆశ పెడతారు, సగం గోడలతో ఇల్లు నిలిచిపోతుంది.

లిస్టులో లేనివాళ్లను కూడా వెతుకు. ప్రజాపాలన కార్యక్రమంలో ఈ ఇళ్లకు దరఖాస్తులు తీసుకున్నది 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా. అది ఇటుక బట్టీల సీజన్. మీ ఊరి చివరి గుడిసెల్లోంచి బట్టీలకు వలసపోయినవాళ్లు అప్పుడు ఊళ్లో ఉండి ఉండరు. వాళ్ల పేర్లు విడిగా రాసి, మున్సిపల్ ఆఫీసులోనో, అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలోనో అర్జీ పెట్టించు.

ఇందిరమ్మ కమిటీ సభ్యులో లీడరో ‘ఈ పేరు పైకి జరుపు’ అంటే టెన్షన్ పడకు, ఎదురూ తిరగకు. ‘సరే అన్నా, కారణం రాసి సంతకం పెట్టివ్వండి, ఫైల్లో పెడతా’ అను. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగనివాళ్లు ఇచ్చిన కాగితం ఫైల్లో పెట్టి, నువ్వు కళ్లతో చూసింది దాని కిందే తేదీ వేసి రాయి. జిరాక్స్ ఒకటి నీ దగ్గర ఉంచుకో.

ఇట్లు
మీ మామయ్య