కార్డు మీద ఏం రాయాలంటే, బిడ్డా

బిడ్డకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు అమ్మే పోచంపల్లి చీరతో పాటు డబ్బాలో పెడతానని నువ్వు పంపిన కార్డు వాట్సాప్‌లో చూశాను. ‘వెయ్యేళ్ల వారసత్వం, ప్రతి పోగులో ప్రేమ’ అని రాశావు. చదవడానికి బాగానే ఉంది. కానీ పోచంపల్లి అన్న మాట తీసేసి గద్వాల అని పెట్టినా, నారాయణపేట అని పెట్టినా ఆ కార్డు అలాగే సరిపోతుంది. అందరి చీరలకూ అతికే మాట నీ చీరను అమ్మిపెట్టదు. పైగా ఆ వెయ్యేళ్లు నిజం కాదు. పోగులకు కట్లు కట్టి రంగు వేసే ఈ చిటికి పని, అంటే ఇక్కత్, చీరాల నుంచి మన వైపు వచ్చిందని, అదీ పోయిన శతాబ్దం మొదట్లోనే అని మా పెద్దలు చెప్పేవాళ్లు. అంటే సుమారు నూరేళ్లు. నూరేళ్లు తక్కువా? సంగతి తెలిసినవాళ్లు ఒక్కరు ‘వెయ్యేళ్లా?’ అని అడిగితే చాలు, నువ్వు చెప్పే మిగతా నిజాలు కూడా నమ్మరు.

చెప్పడానికి నా దగ్గర కథ ఏముంది పెద్దమ్మా అన్నావు మొన్న ఫోన్‌లో. మీ అమ్మమ్మ సంగతి నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె ఆసు పోసేది, అంటే కట్లు కట్టి రంగు వేయకముందు పోగును వరుసగా చుట్టేది. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చెక్క ముందు కూర్చుని, ఒక్కో మేకుకు పోగు తొడుగుతూ చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. సాయంత్రం నేను జడ వేయమని దువ్వెన తీసుకెళితే, ‘చెయ్యి పైకి లేస్తలేదు బిడ్డా’ అనేది. మీ అమ్మకు జడలు వేసింది చాలావరకు నేనే. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు తన తల్లి ఇదే నొప్పి పడుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. గంటన్నరలో పని అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త విన్న రోజు నేను అమ్మ ఫొటో ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇదంతా కొనేవాళ్లకు చెప్పాలని నాకూ మొదట్లో తెలియదు. మొదటిసారి ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టినప్పుడు నాణ్యత, మన్నిక, రంగు గ్యారంటీ అని రెండు రోజులు గొంతు పోయేలా చెప్పాను. మూడో రోజు ఒకావిడ చీర పట్టుకుని, ‘ఈ పువ్వు అంచున రంగు పాకినట్టుందేం?’ అని అడిగింది. అది లోపం కాదమ్మా, నేయకముందే పోగులకు రబ్బరు కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు దగ్గర రంగు కాస్త లోపలికి దిగుతుంది, అందుకే అలా ఉంటుంది అని చెప్పాను. మాటల్లో అమ్మ చెయ్యి సంగతీ వచ్చేసింది. ఆవిడ రెండు చీరలు తీసుకుంది, మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి కొనేవాళ్లు ఏం అడుగుతారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. నువ్వూ రాసుకో. ఎక్కువమంది అడిగేది ఏదో, అక్కడే నీ కథ మొదలుపెట్టాలి.

మగ్గం దగ్గరికి వెళ్లినప్పుడు ‘మీ కథ చెప్పండి’ అని అడగకు, ఎవరూ చెప్పలేరు. చేతిలో ఉన్న పని గురించి అడుగు. నిన్న ఎక్కడ ఆగింది? డిజైన్ కలవకపోతే ఏం చేస్తారు? వానాకాలం గుంట మగ్గంలోకి నీళ్లు ఊరితే ఎలా? పోగు చుట్టే కండెలు ఎవరు చుడతారు? అడిగి ఊరుకో. వాళ్లు నాడె, అదే మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది, ఆడిస్తూనే చెబుతారు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. జాలిని అమ్ముకోకు. చాలా ఏళ్ల కిందట నేను ఒక నేతన్న అప్పుల గురించి స్టాల్‌లో బోర్డు మీద రాసి పెట్టాను, ఆయన్ని అడగకుండానే. చీరలు బాగా అమ్ముడుపోయాయి. ఆ బోర్డు ఫొటో తిరిగి తిరిగి కాలేజీలో చదువుతున్న ఆయన కూతురి దాకా వెళ్లింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చేతిలో ఉన్న చీర పూర్తి చేసి ఇచ్చి, ఇక నాకు నేయలేదు. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. మంచినీళ్లు ఇచ్చారు, అంతే. అందుకే ఎవరి గురించి రాసినా ముందు వాళ్లకే చదివి వినిపించు. వద్దంటే వెంటనే తీసేయి. పేరు వేయమంటే పెద్దక్షరాల్లో వేయి. చేతి పనిలో తెలివి ఎంత ఉందో రాయి, ఇంట్లో కష్టం వాళ్లది.

కార్డు చిన్నగానే ఉండనీ. ఇలా రాస్తే సరిపోతుందేమో చూడు: ‘ఈ చీర నేయడానికి ముందే దీని పువ్వులు పోగుల మీదకు వచ్చాయి. కట్లు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టారు. పువ్వు అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తే అది కట్టు ఆనవాలు. చీర తిరగేసి చూడండి, వెనుక కూడా అదే పువ్వు ఉంటుంది.’ ఆ చివరి మాట తీసేయకు. బట్ట మీద అద్దిన ప్రింట్ వెనుక వెలిసినట్టుంటుంది, మన చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. నువ్వు పక్కన ప్రింట్ చీరలు కూడా పెట్టావు కదా, వాటి మీద ప్రింట్ అనే రాయి. తక్కువ ధరకు అవి కొనేవాళ్లూ ఉంటారు, తప్పేం లేదు.

వీడియోల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పాటలు మాత్రం పెట్టకు, మగ్గం చప్పుడు వినిపించనీ. చీర కట్టుకున్నవాళ్లు సీమంతం ఫొటోనో, పెళ్లి ఫొటోనో పంపితే, అడిగి స్టేటస్‌లో పెట్టు.

వచ్చే ఆదివారం పొద్దున్నే పోచంపల్లి బస్సెక్కు. నేను బస్టాండ్‌లో ఉంటాను. అక్కడ ఒకామె ఇంట్లో ఇంకా చేత్తోనే ఆసు పోస్తుంది, ఒక గంట ఆమె పక్కన కూర్చుందాం. ఫోన్ బ్యాగులోనే ఉంచు. ముందు నువ్వు ఒక వంద సార్లు ఆ పోగు తిప్పి చూడు, తర్వాత ఆ కార్డు మళ్లీ రాద్దాం.

మీ పెద్దమ్మ