మీ ఆరోగ్యం: పెళ్లికి ముందు ఎవరు చెప్పాలి?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆఫీసులో పనిచేసే చైనా అమ్మాయి వాళ్లమ్మగారికి అరవై దాటాక, గర్భం రాకుండా ఎప్పుడో గర్భసంచిలో వేసిన లూప్ తీయడానికి ఆపరేషన్ చేయవలసి వచ్చిందట. లూప్‌కు ఆపరేషన్ ఎందుకు? కుటుంబ నియంత్రణను ప్రభుత్వమే అంతగా పట్టించుకున్న దేశంలో, తనకు పెళ్లయ్యేదాకా ఒంటి సంగతులు ఎవరూ ఏమీ చెప్పలేదని ఆ అమ్మాయి అంటే ఆశ్చర్యపోయాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. పెద్దమనిషై ఏడాది దాటింది. తనకు ఇప్పుడే చెప్పాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ తల్లికి వేసింది బహుశా అప్పట్లో చైనాలో విరివిగా వాడిన స్టీలు రింగు అయి ఉంటుంది. మన కాపర్-టీకి ఉన్నట్టు దానికి దారం ఉండదు కాబట్టి, గర్భసంచి ముఖద్వారాన్ని వెడల్పు చేసి, కొక్కెం లాంటి పరికరంతో బయటికి తీయాలి. ముట్లుడిగాక గర్భసంచి కుంచించుకుపోయి, రింగు గోడలోకి దిగబడితే అది మరింత కష్టమవుతుంది.

ఒక్క బిడ్డ చాలన్న విధానం 2015 దాకా సాగిన ఆ దేశంలో, తొలి కాన్పు తర్వాత లూప్, రెండో కాన్పు కూడా అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అన్నదే ఆనవాయితీ. 1983 ఒక్క ఏడాదిలోనే దాదాపు 2 కోట్ల మందికి కు.ని. ఆపరేషన్లు చేస్తే, వారిలో అత్యధికులు స్త్రీలే; మగవాళ్లకు చేసే కు.ని. ఆపరేషన్ వేసెక్టమీలో కత్తిగాటు లేని పద్ధతిని 1974లో రూపొందించింది ఆ దేశపు వైద్యుడే అయినా, భారం మాత్రం ఆడవాళ్ల మీదే పడింది.

మీ సహోద్యోగి మాటలో ఆశ్చర్యమేమీ లేదు. అక్కడ లెక్క కాన్పులది గాని ఆరోగ్యానిది కాదు. సేవలన్నీ పెళ్లయిన స్త్రీల కోసమే నడిచాయి. పన్నెండు, పదమూడేళ్లకు రజస్వల అయిన పిల్లకు చట్టప్రకారం పెళ్లీడు 20 ఏళ్లు. మధ్యలో ఆ ఏడెనిమిదేళ్లు ఆమె శరీరం గురించి మాట్లాడవలసిన వారెవరూ లేకపోవడంతో, గర్భం రాకుండా చూసుకోవడం తెలియక అబార్షన్ దాకా వెళ్లిన అవివాహితలు ఎందరో. మైనర్ల రక్షణ చట్టాన్ని సవరించి, వయసుకు తగిన లైంగిక విద్యను బడులు నేర్పాలన్న నిబంధనను అమల్లోకి తెచ్చింది 2021లో మాత్రమే.

మనమూ పెద్ద తేడాగా లేము. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది, "నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని నేను పిల్లను అడిగితే తామే తేదీ చెబుతారు, ఆ పిల్ల తల వంచుకుని చున్నీ అంచు మడతపెడుతూ ఉంటుంది. అయిదు నిమిషాలు బయట కూర్చోమని తల్లిని కోరితే, తెల్లబట్ట గురించో, కడుపునొప్పి గురించో, ఫోన్‌లో ఎవరో పంపిన ఫోటో గురించో అప్పుడు నోరు విప్పుతుంది.

కనుక ఇప్పుడే చెప్పండి. నెలసరి ఎందుకు వస్తుందో, గర్భం ఎలా వస్తుందో, ఎవరైనా ఇష్టం లేకుండా తాకితే ఎవరితో చెప్పాలో, ఒక్కరోజే కూర్చోబెట్టి పాఠంలా కాకుండా, వంటింట్లో కూరగాయలు తరుగుతూ కొంచెం కొంచెంగా మాట్లాడవచ్చు. మరొక పని వాయిదా వేయవద్దు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పదిహేనేళ్లు నిండకముందే మొదలుపెడితే సాధారణంగా రెండు డోసులు సరిపోతాయి, తర్వాతైతే మూడు కావాలి. టీకాకు తీసుకెళ్లిన రోజున, డాక్టరు అడిగే ప్రశ్నలకు మీ అమ్మాయినే జవాబు చెప్పనివ్వండి.