చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో కనీస వేతనం: సమాధానం

అన్నా, అందరికీ ఒకే జీతం సక్రమంగా ఇస్తున్నా లేబర్ ఆఫీసు నోటీసు ఎందుకొచ్చిందని అడిగారు. చిక్కు బహుశా డీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) దగ్గర ఉంటుంది. మూల వేతనం మీద డీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. నిరుడు కట్టిన లెక్క ఈ ఏడు చెల్లదు.

ఇంకొకటి, కటింగ్ మిషన్ నడిపే మనిషినీ, పలక ఎత్తే హెల్పర్‌నూ ఒకే వర్గం కింద రాయకండి. నైపుణ్యాన్ని బట్టి రేటు వేరు. ఆడవాళ్లకు మాత్రం అదే పనికి అదే కూలి.

క్వారీ కూడా మీదేనా? గనులకు కేంద్రం రేటు, పాలిషింగ్‌కు రాష్ట్రం రేటు. చాలామంది తప్పేది ఇక్కడే.

రాత్రి లోడింగ్‌కు పనివాళ్లను ఉంచేస్తే ఓవర్‌టైమ్ రెట్టింపు. జీతం 7వ తేదీలోపు బ్యాంకులో వేయండి. తక్కువకు ఒప్పుకుంటూ వాళ్లు సంతకం పెట్టినా అది చెల్లదు. టెన్షన్ పడకుండా ముందు పాత బకాయి లెక్కగట్టి ఇచ్చేయండి, ఆ రసీదులతోనే ఒంగోలు లేబర్ ఆఫీసుకు వెళ్లండి.