తాతగారి డబుల్ బ్యారెల్‌ను కెనడా వేటకు తీసుకుపోవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "మాది హనుమకొండ. మా బావ అమెరికాలో గ్రీన్ కార్డ్ మీద ఉంటాడు. నవంబర్‌లో కెనడాలోని మానిటోబాకు జింకల వేటకు పోతున్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. మా ఇంట్లో తాత కాలం నాటి 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంది, లైసెన్స్ కూడా ఉంది. దాన్ని తీసుకుపోవచ్చా? వచ్చేటప్పుడు బావ రైఫిల్ ఒకటి తెచ్చుకోవచ్చా?"

రెండింటికీ నా జవాబు ఒకటే, వద్దు. బావ తన రైఫిల్‌ను అమెరికా నుంచి కెనడాకు తీసుకుపోవడం మాత్రం పద్ధతి ప్రకారం చేస్తే పెద్ద పనేమీ కాదు. నాదీ మీ పక్కనే, కాజీపేట. తొమ్మిదేళ్లు మినెసోటాలో ఉండి వచ్చాను. అక్కడ ఆఫీసులో ఒకాయన వేట నేర్పాడు. ఆయనతో కలిసి రెండుసార్లు నా రైఫిల్ కార్లో పెట్టుకుని మానిటోబా పోయాను. తెలిసిందంతా ఆ రెండు ట్రిప్పులదే.

ముందు మన ఊరి సంగతి. మీ లైసెన్స్ ఆ తుపాకీ మన దేశంలో దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చింది. 1959 ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం తుపాకీని దేశంలోకి తేవాలన్నా, బయటికి తీసుకుపోవాలన్నా దానికి విడిగా లైసెన్స్ కావాలి. కమిషనరేట్‌లో రెన్యువల్ చేయించిన పుస్తకం శంషాబాద్‌లో చూపిస్తే పని జరగదు. ఎలక్షన్ కోడ్ వచ్చిన ప్రతిసారీ ఠాణాలో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునే ఇల్లు కదా మీది, ఆ మాత్రం అలవాటే ఉంటుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మన దగ్గర వేట అనే మాటే లేదు. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో షికారు ముచ్చట్లు మీ తాతగారితోనే పోయాయి. అసలు ఆ 12 బోర్ అక్కడికి తెచ్చినా ఉపయోగం తక్కువ. నేను కొట్టిన వైట్‌టెయిల్ జింక నూట యాభై గజాల దూరంలో నిలబడింది, 12 బోర్ తూటాలోని చిన్న గుండ్లు (చర్రాలు) అంత దూరం పోయి ఏం చేస్తాయి?

ఇక బావకు చెప్పాల్సినవి. అమెరికా దాటకముందే అక్కడి కస్టమ్స్ ఆఫీసులో ఫారం 4457 మీద రైఫిల్ సీరియల్ నంబర్ రాయించి ముద్ర వేయించుకోవాలి. ఫీజు లేదు. తిరిగొచ్చేటప్పుడు 'ఇది నాదే, కెనడాలో కొనలేదు' అని చూపించడానికి ఆ కాయితం. గ్రీన్ కార్డ్, పౌరసత్వం ఉన్నవాళ్లు మూడు తుపాకులు, వెయ్యి తూటాల వరకు ఎగుమతి లైసెన్స్ లేకుండా తీసుకుపోవచ్చనే సడలింపు ఉంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు అది వర్తించదు, దోస్తులెవరైనా నేనూ వస్తానంటే ఈ ముక్క ముందే చెప్పమనండి.

కెనడా వైపు, తుపాకీ తెస్తున్నానని కస్టమ్స్‌కు రాసిచ్చే ఫారం 5589. ఒకటి తెచ్చినా మూడు తెచ్చినా ఒకటే ఫీజు, నేను కట్టింది 25 కెనడా డాలర్లు. దాంతో అరవై రోజులు ఆ తుపాకీకి అక్కడ తాత్కాలిక లైసెన్స్ ఉన్నట్టే. పిస్టల్ అసలే వద్దు. ఏఆర్-15 లాంటి మిలిటరీ తరహా రైఫిళ్లు 2020 మే నుంచి అక్కడ నిషేధం. ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగి వేసే మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిల్ అయితే తలనొప్పి లేదు. వేట కోసం అయితే 200 తూటాల వరకు సుంకం ఉండదు, నేనెప్పుడూ రెండు డబ్బాలకు మించి పట్టుకుపోలేదు.

నేను చేసిన తప్పు చెప్తా. మొదటిసారి తెలివిగా ఈ 5589 ఫారం ఇంట్లోనే నింపి, సంతకం కూడా పెట్టేశా. మానిటోబా సరిహద్దులో ఎమర్సన్ చెక్‌పోస్టు దగ్గర తెల్లారి ఆరు గంటలు, బయట మంచు. "తుపాకులు ఉన్నాయా?" అని అడిగితే "ఒకటి, డిక్కీలో, తాళం వేసిన పెట్టెలో" అన్నాను. బండి దిగొద్దు, దేన్నీ ముట్టుకోవద్దు అన్నారు. కాసేపటికి లోపలికి పిలిచి ఫారం చూసిన ఆఫీసరమ్మ సంతకం మీద వేలు పెట్టి, "ఇది నా ముందు పెట్టాలి" అని కొత్త ఫారం చేతిలో పెట్టింది. ఫారం మీదే ఆ సంగతి రాసి ఉంది, చదవంది నేను. సరే అని మళ్లీ రాశా. ఈలోపు ఇంకొకాయన రైఫిల్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూసి, టార్చి వేసి నంబర్ చదివాడు. నేను 8 అని రాసినచోట రైఫిల్ మీద బి ఉంది! నూనె మరకలో అక్షరం పూడిపోయింది. ఆయన బొటనవేలి గోటితో గీకి చూపించాడు. మూడోసారి రాశా. నలభై నిమిషాలు పట్టింది, ఎవరూ కసురుకోలేదు, కానీ ఆ చలిలో నాకు చెమట పట్టింది. అందుకే సీరియల్ నంబర్‌ను ఇంట్లో వెలుగులో, గుడ్డతో తుడిచి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి. అవుట్‌ఫిట్టర్, అంటే వేట ఏర్పాట్లు చేసే అక్కడి లైసెన్స్‌డ్ నిర్వాహకుడు, ఇచ్చిన బుకింగ్ లెటర్ కూడా దగ్గర ఉండాలి. మానిటోబాలో విదేశీ వేటగాళ్లు జింక వేటకు అవుట్‌ఫిట్టర్ ద్వారానే పోవాలి, ఆ లెటర్ చూపిస్తే 'ఎందుకొచ్చావు' అనే ప్రశ్న అక్కడితో అయిపోతుంది. విమానంలో పోయేట్టయితే గట్టి పెట్టె, తాళం, కౌంటర్‌లో చెప్పడం, తూటాలు అయిదు కిలోల లోపు. అంతే.

మరి మీ సంగతి? కెనడా విజిటర్ వీసా తీసుకుని చేతులూపుకుంటూ రండి. లైసెన్స్ ఉన్న గైడ్ పక్కనే ఉండి చూసుకుంటుంటే ఆయన తుపాకీ మీరు వాడుకోవచ్చు, దానికి మీకు లైసెన్స్ అక్కర్లేదు. వేట పర్మిట్, హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ సంగతి అవుట్‌ఫిట్టర్‌తో ముందే తేల్చుకోండి. దారిలో బావ ఇంట్లో ఆగితే ఆయన రైఫిల్ పట్టుకుని ఫొటోలు దిగకండి. విజిటర్ వీసా మీదున్నవాళ్లు అమెరికాలో తుపాకీ పట్టుకోవడం నేరం, అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటే తప్ప.

వచ్చేటప్పుడు రైఫిల్ అడిగారు. విదేశంలో కాపురం ఎత్తేసి వచ్చేవాళ్లకు షరతులతో ఏదో దారి ఉంది గానీ, టూర్‌కు పోయొచ్చినవాళ్లకు లేదు. కొమ్ములు కూడా బావ ఇంట్లోనే గోడకు తగిలించండి. అది మన దుప్పిది కాదని శంషాబాద్‌లో అర్ధరాత్రి రెండింటికి ఎవరికని వివరిస్తారు?

ఇంకొకటి, ఇది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చెల్లి పెళ్లికి ఇండియా వస్తూ ఆ వేట జాకెట్ కూడా సర్దమన్నా. మా ఆవిడ దులిపితే లోపలి జేబులోంచి ఏదో టంగుమని నేల మీద పడి సోఫా కిందికి దొర్లింది. తీసి చూస్తే కాల్చని తూటా. అది సూట్‌కేసులో హైదరాబాద్‌లో దొరికి ఉంటే ఆయుధాల చట్టం కింద కేసే, తెలియక వచ్చిందని కోర్టులో చెప్పుకుంటూ తిరగాలి, చెల్లి పెళ్లి నేను లేకుండానే అయిపోయేది. వేటకు వేసుకున్న బట్టలు, బ్యాగు ఏవీ ఇంటికి తేకండి. ఆరెంజ్ జాకెట్, టోపీ అక్కడ తప్పనిసరి, అవి బావవే అడిగి వేసుకోండి.

కెనడా ఫారం మీద సంతకం మాత్రం ఇంట్లో పెట్టొద్దని బావకు మళ్లీ ఒకసారి చెప్పండి.