గడువు పొడిగింపా, కాలం మినహాయింపా?

సందేహం: కరోనా కాలంలో కోర్టులు, రవాణా స్తంభించినప్పుడు, కేసులు, అప్పీళ్లు వేసే గడువుల విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటును ‘గడువు పొడిగింపు’, ‘కాలం మినహాయింపు’, ‘జాప్యం మన్నింపు’ అని రకరకాలుగా రాశారు. మూడూ ఒకటేనా? బాకీకి ‘కాలదోషం పట్టడం’ అంటే అప్పు రద్దయినట్టేనా?

సమాధానం: ఒకటి కావు. మొదటి రెండూ దగ్గరి చుట్టాలు, మూడోది వేరే ఇంటిది.

2020 మార్చి 23 నాటి తొలి ఉత్తర్వులో ఉన్నది పొడిగింపే. మార్చి 15 నుంచి మళ్లీ ఉత్తర్వులిచ్చే దాకా గడువులు పొడిగిస్తున్నామన్నారు. ఎందాకా అన్నది చెప్పని పొడిగింపుతో రోజుల లెక్క తేలదు. 2021 మార్చి 8 నాటి ఉత్తర్వుకు వచ్చేసరికి మాట మారింది: ఆ కాలాన్ని లెక్కలోంచి తీసేయమన్నారు. 2022 జనవరి 10న దాన్ని 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు అని ఖరారు చేశారు. కనుక ఇప్పుడు రాసేవారు ‘మినహాయింపు’ అనడమే సరి.

2017 ఏప్రిల్ 10న రాసిన ప్రోనోటు తీసుకోండి. దావా వేసే మూడేళ్ల గడువు 2020 ఏప్రిల్ 10న, సరిగ్గా లాక్‌డౌన్ నడుమ తీరింది. అలాంటివాటికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులిచ్చారు; మిగిలిన గడువు అంతకన్నా ఎక్కువుంటే ఆ ఎక్కువే వర్తిస్తుంది. (ఈ 90 రోజుల్ని పొడిగింపు అన్నా నాకు అభ్యంతరం లేదు.) అదే నోటు గడువు 2020 మార్చి 10న తీరి ఉంటే ఈ ఉత్తర్వు దాన్ని కాపాడదు.

జాప్యం మన్నింపు, కోర్టు గడువుల్ని నిర్ణయించే 1963 లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్‌లోది. గడువు దాటాక, తగిన కారణం చూపి కోర్టును అడగాలి. అదీ అప్పీళ్లకు, దరఖాస్తులకే, దావాలకు లేదు. అందుచేత ‘ప్రోనోటు దావాలో జాప్యం మన్నించారు’ అని రాస్తే భాషతోపాటు చట్టమూ తప్పుతుంది. కంపెనీ కేసుల్లో అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు చేసుకునే అప్పీలుకు 45 రోజుల గడువు, ఆపైన మరో 45 రోజుల దాకా మన్నించే వీలు ఉన్నాయి. తొలి ఉత్తర్వు మొదటి 45 రోజులకే వర్తిస్తుందని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. మన్నింపు హద్దుల్ని కూడా మినహాయింపులో చేర్చింది 2021 ఉత్తర్వే.

‘గడువులన్నీ పొడిగించారు’ అనడమూ తప్పే. పోలీసులు ఛార్జిషీటు వేయాల్సిన 60, 90 రోజుల గడువుకు ఆ వెసులుబాటు లేదని 2020 జూన్‌లోనే తీర్పొచ్చింది. ఆ రోజులు దాటితే నిందితుడికి బెయిలు హక్కు వచ్చేసినట్టే.

ఇక కాలదోషం. దానితో దావా వేసే దారి మూసుకుపోతుందే కాని బాకీ చెరిగిపోదు. ఆ దారి మూసుకుపోకుండానే ఊళ్లలో మూడేళ్లు నిండకముందు ఎంతో కొంత ముట్టజెప్పించుకుని, నోటు వెనక రాయించి సంతకం పెట్టిస్తారు. దాన్నే ‘చెల్లు వేయించుకోవడం’ అంటారు. ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలు. నిండాక వేయించిన చెల్లు మాత్రం గడువును తిరిగి లేపదు.